ఫాదర్ బ్రౌన్‌ను లోకానికిచ్చిన చెస్టర్టన్



రాత్రి భోజనాలయ్యాక ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చుని అపరాధ పరిశోధన సీరియళ్లు చూడటం చాలా కుటుంబాల్లో అలవాటు. హత్య జరుగుతుంది. నలుగురైదుగురి మీద అనుమానం వస్తుంది. చివరికి హంతకుడెవరో తేలి బేడీలు పడతాయి. మనం టీవీ కట్టేసి పడుకుంటాం. ఇందులో తప్పు పట్టవలసిందేమీ లేదు. మన పరిశుద్ధ గ్రంథంలోనే ఇటువంటి కథ ఒకటుంది. దానియేలు గ్రంథం 13వ అధ్యాయం చూడండి. సూసన్న మీద ఇద్దరు పెద్దలు అపనింద మోపినప్పుడు, యువకుడైన దానియేలు వాళ్ళిద్దరినీ విడదీసి, ఆమెను ఏ చెట్టు క్రింద చూశారని వేరువేరుగా అడిగాడు. చెరొక చెట్టు పేరు చెప్పి ఇద్దరూ దొరికిపోయారు. నిజం తేలాలని కోరుకోవడం మనిషి స్వభావం. ఆ స్వభావాన్ని ఇచ్చినవాడు దేవుడే.

అయితే దోషి దొరికిన తరువాత ఏమిటి? ఈ ప్రశ్న అడిగే డిటెక్టివ్ కథలు చాలా తక్కువ. అలాంటి కథలు రాసిన ఒక మహా రచయిత జీవితాన్ని ఈ వారం తెలుసుకుందాం.

2013 జనవరిలో ఇంగ్లాండు బి.బి.సి. టెలివిజన్‌లో ఫాదర్ బ్రౌన్ అనే సీరియల్ మొదలైంది. కథానాయకుడు పోలీసు కాదు, లాయరు కాదు. నల్లని అంగీ తొడిగి, గొడుగు పట్టుకుని, సైకిలు మీద తిరిగే ఒక కతోలిక విచారణ గురువు. కథాకాలం 1950ల తొలి సంవత్సరాలు. ఊరు కెంబుల్‌ఫర్డ్ అనే కల్పిత గ్రామం. మార్క్ విలియమ్స్ అనే నటుడు ఆ పాత్ర ధరించారు. హ్యారీ పాటర్ సినిమాలు చూసిన పిల్లలు ఆయనను రాన్ వీస్లీ తండ్రిగా వెంటనే గుర్తుపడతారు. ఈ సీరియల్ పది సీజన్లు దాటి సాగింది, ఎన్నో దేశాల ప్రజలు చూశారు. ఈ గురువును సృష్టించిన రచయిత గిల్బర్ట్ కీత్ చెస్టర్టన్. ఆశ్చర్యమేమిటంటే, తన మొదటి ఫాదర్ బ్రౌన్ కథ రాసేనాటికి ఆయన కతోలికుడు కారు.

చెస్టర్టన్ 1874 మే 29న లండన్ నగరంలోని కెన్సింగ్టన్ ప్రాంతంలో జన్మించారు. తండ్రి ఎడ్వర్డ్ ఇళ్ళు, స్థలాల అమ్మకాలు చూసే కుటుంబ వ్యాపారంలో ఉండేవారు. తల్లి మేరీ లూయీస్. అక్క చిన్నతనంలోనే చనిపోయింది. తమ్ముడు సెసిల్ అయిదేళ్ళు చిన్న. ఇంట్లో ప్రేమకు లోటు లేదు గాని భక్తి మాత్రం అంతంతమాత్రమే. తండ్రి బొమ్మలు గీసి, అట్టలతో బొమ్మల నాటకశాల కట్టి పిల్లలను మురిపించేవారు. గిల్బర్ట్‌కు కూడా బొమ్మలు గీయడమంటే ప్రాణం. సెయింట్ పాల్స్ పాఠశాలలో చదువు ముగిశాక 1893లో స్లేడ్ చిత్రకళా పాఠశాలలో చేరారు.

ఆ రోజుల్లోనే ఆయన మనసును చీకటి కమ్మింది. ఆనాటి కళాకారుల్లో నిరాశావాదం ఒక ఫ్యాషన్. లోకంలో ఏదీ నిజం కాదు, అంతా మన తలలో పుట్టిన ఊహే అన్న తత్వం కొందరు యువకులను పట్టుకుంది. గిల్బర్ట్ ఆ ఊబిలో నడుముదాకా దిగబడ్డారు. తమ్ముడితో కలిసి ఆత్మలను పిలిచే బల్ల ఆట కూడా ఆడారు. ఎంతటి చెడ్డ పనినైనా తాను మనసులో ఊహించగలనని అప్పుడు ఆయనకు తెలిసింది. ఆ భయం ఆయనను పట్టుకుంది. దానిని వదిలించినది ఒక చిన్న గుర్తింపు. ఏమీ లేకపోవడం కంటే ఏదో ఒకటి ఉండటమే గొప్ప అద్భుతం. ఉన్నందుకు ఎవరికో కృతజ్ఞత చెప్పాలి. ఆ ఎవరో ఎవరని వెదుకుతూ ఆయన దేవుని వైపు నడిచారు.

చదువు వదిలి ప్రచురణ సంస్థల్లో చిన్న ఉద్యోగం చేస్తూ పత్రికలకు రాయసాగారు. 1901 జూన్ 28న ఫ్రాన్సెస్ బ్లాగ్‌ను వివాహమాడారు. ఆమె ఆంగ్లికన్ సంఘంలో భక్తిగల స్త్రీ. గిల్బర్ట్‌ను ప్రార్థనకు దగ్గర చేసినది ఆమే. వారికి సంతానం కలగలేదు. ఆ దుఃఖాన్ని ఇద్దరూ మౌనంగా మోస్తూ, ఇరుగుపొరుగు పిల్లలతో ఇల్లు నింపుకున్నారు.

ఆరడుగులు దాటిన ఎత్తు, దానికి తగ్గ భారీకాయం, భుజాల మీద పెద్ద దుప్పటిలాంటి కోటు, తల మీద నలిగిన టోపీ, లోపల కత్తి దాచిన చేతికర్ర. లండన్ పత్రికల వీధిలో ఆయన్ను గుర్తుపట్టని వారు లేరు. మతిమరుపు కూడా అంత పెద్దదే. ఒకసారి ఉపన్యాసానికని రైలెక్కి, తాను ఎక్కడికి వెళ్ళాలో మరచిపోయి, ఫలానా ఊళ్ళో ఉన్నాను, ఎక్కడ ఉండాలో చెప్పమని భార్యకు టెలిగ్రాం ఇచ్చారు. ఆమె ఇంటికి వచ్చేయమంది. అక్కడినుంచి చెప్పి దారి మళ్ళించడంకంటే, ఇంటికి రప్పించి మళ్ళీ సరిగ్గా పంపించడం తేలిక అని ఆ ఇల్లాలికి తెలుసు.

1905లో ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్ అనే వారపత్రికలో మొదలుపెట్టిన శీర్షికను చనిపోయే వరకు, అంటే దాదాపు 30 ఏళ్ళు నడిపారు. మన దేశానికీ ఆ శీర్షికకూ ఒక సంబంధముంది. 1909 సెప్టెంబరులో ఆయన భారత జాతీయవాదం గురించి ఒక వ్యాసం రాశారు. ఇంగ్లీషు పాలన పోయి ఇంగ్లీషు పద్ధతులే మిగిలితే అది భారతీయుల స్వరాజ్యం ఎలా అవుతుందన్నది దాని సారాంశం. అప్పుడు లండన్‌లో ఉన్న గాంధీజీ దానిని చదివి ఎంతో మెచ్చుకుని తన పత్రిక పాఠకులకు పరిచయం చేశారు. కొద్ది వారాలకే ఓడ ప్రయాణంలో హింద్ స్వరాజ్ రాశారు. ఆ పుస్తకం వెనుక ఉన్న ప్రేరణల్లో ఈ వ్యాసం ఒకటని చరిత్రకారులు చెబుతారు.

ఇక ఫాదర్ బ్రౌన్ ఎలా పుట్టారో చూద్దాం. ఉత్తర ఇంగ్లాండులో యార్క్‌షైర్ ప్రాంతంలోని కీత్లీ పట్టణానికి చెస్టర్టన్ ఉపన్యాసమివ్వడానికి వెళ్ళారు. అక్కడ ఫాదర్ జాన్ ఓకానర్ అనే ఐరిష్ సహాయ గురువు పరిచయమయ్యారు. ఇద్దరూ కొండ మైదానాల మీదుగా నడుస్తూ మాట్లాడుకున్నారు. సమాజంలోని చెడుగు గురించి ఏదో వ్యాసం రాయబోతున్నానని చెస్టర్టన్ చెప్పారు. స్వాములవారు నెమ్మదిగా, ఆయన అనుకున్నది పొరపాటని, అసలు సంగతులు ఇవీ అని వివరించారు. మనుషులు ఎంత లోతుకు దిగజారగలరో ఆ సౌమ్యుడైన గురువుకు తెలిసినంతగా తనకు తెలియదని చెస్టర్టన్ నివ్వెరపోయారు.

ఆ తర్వాత ఇద్దరూ బస చేసిన ఇంటికి చేరారు. అక్కడ కేంబ్రిడ్జ్ విద్యార్థులిద్దరు స్వాములవారితో సంగీతం గురించి, కళల గురించి ముచ్చటించారు. ఆయన గది దాటి వెళ్ళగానే వారిలో ఒకరు, పాపం ఈ గురువులు నాలుగు గోడల మధ్య బతుకుతారు, లోకంలోని చెడు వారికేం తెలుస్తుంది అన్న ధోరణిలో మాట్లాడారు. చెస్టర్టన్‌కు నవ్వు ఆగలేదు. ఆ గురువుకు తెలిసిన దానితో పోలిస్తే ఆ ఇద్దరు యువకులు ఉగ్గుపాలు తాగే పసిపిల్లలు! అమాయకుడిలా కనిపించే ఒక గురువు, నేరస్థులకంటె ఎక్కువగా నేరం గురించి తెలిసినవాడైతే ఎలా ఉంటుంది? ఆ నవ్వులోంచి ఫాదర్ బ్రౌన్ పుట్టారు. నిజమైన ఓకానర్ స్వాములు శుభ్రంగా, చురుకుగా ఉండేవారు. కథలో మాత్రం చెస్టర్టన్ ఆయనకు గుండ్రటి ముఖం, నలిగిన టోపీ, ఎప్పుడూ జారిపోయే గొడుగు తగిలించారు.

మొదటి కథ 'నీల శిలువ' 1910లో వెలువడింది. లండన్‌లో దివ్యసత్ప్రసాద మహాసభ జరుగుతున్న సమయం. ఫాదర్ బ్రౌన్ దగ్గర నీలాలు పొదిగిన వెండి శిలువ ఉంది. దాన్ని కాజేయడానికి ఫ్లాంబో అనే గజదొంగ గురువు వేషంలో ఆయన వెంట పడ్డాడు. ఫాదర్ బ్రౌన్ దారి పొడుగునా పోలీసులకు ఆనవాళ్ళు వదిలారు. చక్కెర డబ్బాలో ఉప్పు పోశారు, గోడ మీద సూపు చల్లారు, హోటలు కిటికీ పగలగొట్టారు. దొంగ నోరు తెరిచేనాటికి శిలువ ఎప్పుడో భద్రంగా వేరే చోటికి వెళ్ళిపోయింది. ఈ మోసాలన్నీ నీకెలా తెలుసని ఫ్లాంబో అడుగుతాడు. రోజంతా మనుషుల నిజమైన పాపాలు వినేవాడికి లోకంలోని చెడుగు తెలియకుండా ఎలా ఉంటుందని ఆయన జవాబు. అంతేకాదు, నువ్వు గురువువు కావని నాకు ముందే తెలుసు, మాటల్లో నువ్వు బుద్ధిని నిందించావు, అది మంచి వేదాంతం కాదు అంటారు. విశ్వాసమంటే కళ్ళు మూసుకోవడమని వెక్కిరించేవారికి ఇంతకంటె చక్కని సమాధానం ఏముంటుంది? బుద్ధిని ఇచ్చిన దేవుడు బుద్ధికి శత్రువు కాడు.

ఆ కథలో ఫ్లాంబో దొరికాడు. మరికొన్ని కథల తర్వాత ఒక క్రిస్మస్ మరునాటి రాత్రి వజ్రాలు దొంగిలించి చెట్టెక్కాడు. ఫాదర్ బ్రౌన్ చెట్టు క్రింద నిలబడి పోలీసులను పిలవలేదు. ఇలాగే సాగితే నీ గతి ఏమవుతుందో, నీ వల్ల ఏ నిరపరాధి చెడిపోతాడో చూడమని బ్రతిమాలారు. చెట్టు మీదినుంచి వజ్రాలు నేల మీద పడ్డాయి. అదే ఫ్లాంబో చివరి దొంగతనం. తరువాత అతడే డిటెక్టివ్‌గా మారి ఫాదర్ బ్రౌన్‌కు ప్రాణస్నేహితుడయ్యాడు. తప్పిపోయిన గొర్రెను వెదికిన కాపరి కథ మనకు తెలుసు. చెస్టర్టన్ దానినే డిటెక్టివ్ కథగా చెప్పారు.

'దేవుని సుత్తి' అనే కథ ఇంకా లోతైనది. భక్తిపరుడైన ఒక ఆంగ్లికన్ గురువు తన దుర్మార్గుడైన అన్నను చంపుతాడు. ఎత్తయిన గుడి గోపురం మీదినుంచి చిన్న సుత్తిని జారవిడుస్తాడు. ఎత్తుమీద నిలబడి ప్రార్థించేవాడికి క్రిందివాళ్ళు చీమల్లా కనిపిస్తారు, వారికి తీర్పు తీర్చే అధికారం తనదే అనిపిస్తుంది. ఆ గర్వమే హత్య చేయించింది. ఫాదర్ బ్రౌన్ అంతా తెలుసుకుని కూడా అతణ్ణి పట్టివ్వలేదు. ఇది నా నోటివెంట రాదు, తరువాతి అడుగు నీదే అని వదిలేశారు. హంతకుడు తానే మెట్లు దిగి పోలీసు అధికారి దగ్గరకు వెళ్ళి ఒప్పుకున్నాడు. పాపసంకీర్తనం విలువ ఇంత చక్కగా చెప్పిన ఈ రచయిత అప్పటికి ఒక్కసారి కూడా పాపసంకీర్తనపు పీట దగ్గర మోకరించలేదు.

ఎందుకు ఆలస్యమైంది? తమ్ముడు సెసిల్ 1912లోనే కతోలిక సభలో చేరాడు. గిల్బర్ట్ 1914 చివరలో తీవ్రంగా జబ్బుపడి నెలల తరబడి స్పృహ లేకుండా ఉండిపోయారు. 1915 ఈస్టర్ నాటికి గాని తేరుకోలేదు. 1918 డిసెంబరులో సెసిల్ ఫ్రాన్స్‌లో సైనికాసుపత్రిలో మరణించాడు. అయినా గిల్బర్ట్ వెనకాడారు. ప్రార్థించడం తనకు నేర్పిన భార్యను విడిచి ఒంటరిగా ముందుకు పోవడానికి మనసొప్పలేదు. చివరికి 1922 జూలై 30న, తాము నివసిస్తున్న బెకన్స్‌ఫీల్డ్‌లో, సొంత గుడి లేక రైల్వే హోటలు ఆవరణలోని రేకుల షెడ్డులో నడుస్తున్న ప్రార్థనాలయంలో, ఆయన శ్రీసభలో చేరారు. పాపసంకీర్తనం విన్నది ఎవరు? ఫాదర్ ఓకానర్. ఫాదర్ బ్రౌన్‌కు మూలమైన గురువే ఫాదర్ బ్రౌన్‌ను రాసినవాని పాపాలు విన్నారు! ఫ్రాన్సెస్ ఆరోజు కన్నీరు పెట్టుకుంది. నాలుగేళ్ళ తర్వాత, 1926 సకల పునీతుల పండుగనాడు ఆమె కూడా చేరింది.

కతోలికుడివి ఎందుకయ్యావని అడిగినవారికి ఆయన చెప్పిన కారణం ఒక్కటే. తన పాపాలు పోగొట్టుకోవడానికి. పాపసంకీర్తనం చేసి బయటికి వచ్చిన మనిషి, తల నెరిసిన ముసలివాడైనా, అప్పుడే పుట్టిన బిడ్డలాంటివాడని ఆయన నమ్మకం.

ఆ తర్వాత పునీత అస్సీసి ఫ్రాన్సిస్ జీవితం (1923), ద ఎవర్లాస్టింగ్ మ్యాన్ (1925), పునీత తోమాస్ అక్వినాస్ జీవితం (1933) రాశారు. తోమాస్ తత్వాన్ని జీవితమంతా చదివిన ఎత్యెన్ జిల్సన్ వంటి మహాపండితుడు ఈ చివరి పుస్తకానికి తలవంచాడు. 1925నుంచి సొంత వారపత్రిక నడిపారు. వారపత్రికంటే నష్టమే కదా! ఆ నష్టం పూడ్చడానికి మళ్ళీ మళ్ళీ ఫాదర్ బ్రౌన్ కథలు రాశారు. అలా మొత్తం కథలు 50 దాటాయి. 1930లో ఇంగ్లాండు డిటెక్టివ్ రచయితలు ఒక సంఘం పెట్టుకుని ఆయననే మొదటి అధ్యక్షునిగా ఎన్నుకున్నారు. అగాథా క్రిస్టీ కూడా అందులో సభ్యురాలే.

1927లో వచ్చిన సంపుటిలో ఫాదర్ బ్రౌన్ తన రహస్యం చెబుతారు. హంతకులను ఎలా పట్టుకున్నారంటే, ఆ హత్యలన్నీ తానే చేశానంటారు! వినేవాళ్ళు హడలిపోతారు. ఆయన భావమేమిటంటే, హంతకుని మనసులోకి దిగి, ఆ కోపం, ఆ అసూయ తనలోనూ ఉన్నాయని గుర్తించేవరకు ప్రార్థనలా ధ్యానిస్తారు. నేనూ ఈ పని చేయగలిగినవాడినే అని తెలిసిన మనిషి నేరస్థుణ్ణి అసహ్యించుకోలేడు. స్లేడ్ పాఠశాలలో యువకుడు గిల్బర్ట్ తనలో చూసుకున్న చీకటికి ఇన్నేళ్ళకు అర్థం దొరికింది.

1936 జూన్ 14న చెస్టర్టన్ బెకన్స్‌ఫీల్డ్‌లో ప్రభువునందు నిద్రించారు. వయసు 62. వెస్ట్‌మినిస్టర్ ప్రధానాలయంలో ఆత్మశాంతి పూజ జరిగింది. 11వ పయస్ పోపుగారు సంతాప సందేశం పంపారు.

ఆయనలో లోపాలు లేవని కాదు. యూదుల గురించి ఆయన రాసిన కొన్ని మాటలు చదివితే నేటికీ బాధ కలుగుతుంది. హిట్లర్ దౌర్జన్యాన్ని ఆయన తొలినాళ్ళలోనే ఖండించిన మాట నిజమే గాని, రాసిన మాట చెరిగిపోదు. ఆయనను పునీతుల జాబితాలో చేర్చేందుకు నార్తాంప్టన్ పీఠాధిపతులు 2013లో పరిశీలన చేయించి, 2019లో ఆ ప్రయత్నం ముందుకు తీసుకుపోరాదని నిర్ణయించారు. చెప్పిన కారణాల్లో ఈ మాటలు కూడా ఉన్నాయి. ప్రతి మనిషిలోనూ పాపి ఉన్నాడని నేర్పిన గురువును ఆ పాఠంతోనే మనం కొలవాలి. కొలిచినంత మాత్రాన ఆ పాఠం అబద్ధమైపోదు.

మళ్ళీ తెర దగ్గరకు వద్దాం. 1954లో ఫాదర్ బ్రౌన్ సినిమాలో అలెక్ గిన్నిస్ అనే గొప్ప నటుడు నటించారు. ఫ్రాన్స్‌లో షూటింగు. ఒక సాయంత్రం గురువు వేషంలోనే నడిచి వెళ్తుంటే, ముక్కూమొహం తెలియని ఒక పిల్లవాడు పరుగున వచ్చి చెయ్యి పట్టుకుని, కబుర్లు చెబుతూ కొంత దూరం నడిచి వెళ్ళిపోయాడు. ఆ అంగీని చూసి ఒక బిడ్డ ఇంత నమ్మగలడా అని గిన్నిస్ ఆలోచనలో పడ్డారు. 1956లో ఆయన కతోలికుడయ్యారు. ఆ నమ్మకాన్ని వమ్ము చేసిన గురువులు ఉన్నారని మన కాలంలో తెలిసింది. కనుక ఈ సంఘటన మా గురువులకు మెప్పుకంటె హెచ్చరికగానే వినిపించాలి.

బి.బి.సి. సీరియల్ చాలా మార్పులు చేసింది. 2013 మొదటి సీజన్ పది భాగాల్లో సగమే చెస్టర్టన్ కథల పేర్లతో వచ్చాయి. మిగిలినవి కొత్తగా అల్లినవి. పుస్తకంలో ఫాదర్ బ్రౌన్ ఊరూరా తిరుగుతారు, సీరియల్లో ఒకే ఊళ్ళో అన్ని హత్యలు జరుగుతాయి! అన్నిటికంటె పెద్ద మార్పు ఫ్లాంబో విషయంలో. పుస్తకంలో తొందరగానే మారుమనసు పొందిన ఆ దొంగ, టీవీలో సీజన్ తరువాత సీజన్ కొత్త దొంగతనంతో తిరిగి వస్తాడు. టీవీకి దొంగ దొంగగానే ఉండాలి, లేకపోతే వచ్చే ఏడు కథ ఉండదు. అయినా ఒక మంచి విషయం నిలిచింది. హంతకుడు తేలాక కూడా ఫాదర్ బ్రౌన్ అతని పక్కన నిలబడి, పశ్చాత్తాపపడమని, ఆత్మను కాపాడుకోమని అడుగుతారు.

ప్రియ పాఠకులారా, మన ఊళ్ళల్లోనూ ఎవరో ఒక ఫ్లాంబో ఉంటాడు. ఒకసారి సొసైటీ డబ్బు వాడుకున్నవాడు, తాగి భార్యను కొట్టినవాడు, ఇల్లు విడిచి వెళ్ళిన పిల్ల. వాళ్ళు మారినా మనం మారనివ్వం. పాత సంగతే ప్రతి పండుగకూ తవ్వి తీస్తాం. గోపురం మీదినుంచి చూస్తాం. అన్యాయానికి గురైనవారికి న్యాయం జరగాలి, నష్టం పూడాలి, అది వేరు. తప్పు చేసినవాడికి చెట్టు దిగే దారి కూడా ఉండాలి. ఈ రాత్రి టీవీలో హంతకుడు దొరికినప్పుడు, వాడి కోసం ఒక్క పరలోక జపం చెప్పవచ్చునా అని పిల్లలను అడిగి చూడండి. ఆపైన శనివారం సాయంత్రం పాపసంకీర్తనానికి వెళ్ళేటప్పుడు వాళ్ళనూ వెంట తీసుకువెళ్ళండి.